ఐదుగురి పాటకు పద్నాలుగు తెల్లచీరలు

ఆ ఉదయం జాన్‌బాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. శుక్రవారం పొద్దున బచేలీలో కిరండూల్ పాసింజరు ఎక్కాలి. రాత్రికి విశాఖపట్నంలో దిగి చెల్లెలింట్లో పడుకోవాలి. శనివారం సాయంత్రం కూతురు కరుణశ్రీని పాటల సభకి తీసుకెళ్ళాలి. ఆదివారం తిరుగు బండి. మనుషులు ఇద్దరు, సంచీ ఒకటి.

జాన్‌బాబు బచేలీ స్టేషన్లో పాయింట్స్‌మన్. ఇనుపరాయి నింపుకున్న గూడ్సుబండి ఏ పట్టా మీదికి వెళ్ళాలో ఆ పట్టాకి దారి సరిగా కలిసిందో లేదో చూసి, పచ్చజెండా చూపించి, పక్కకి తప్పుకుని నిలబడటం ఆయన పని. జెండా చూపించాక బండికీ ఆయనకీ మాటలుండవు. ఇంట్లోనూ ఇంచుమించు అంతే. ఆయన నోట ఒక పూటలో రెండు వాక్యాలు వస్తే భార్య శాంతిప్రియ నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసేది.

కరుణశ్రీ పన్నెండో తరగతి ఫస్టుక్లాసులో పాసైంది. పాసైతే ఏదైనా ఒకటి అడుగు, కాదనను అని ఆయన ఎప్పుడో అన్నాడు. ఆ పిల్ల ఆ మాటని రెండేళ్ళుగా దాచుకుని, రాత్రి డ్యూటీ దిగి వచ్చి టీ తాగుతున్న సమయం చూసి బయటికి తీసింది.

"నాన్నా, కొరియా నుంచి ఒక టీమ్ వస్తంది. వైజాగ్‌కి. ఐదుగురు అమ్మాయిలు. పాడతారు."

"ఎక్కడ పాడతారు?"

"స్టేడియంలో. ఊరూరా తిరిగి పాడతన్నారు. వేలమంది వస్తారు నాన్నా. అందరూ చేతులెత్తి ఆళ్ళతో పాటు పాడతారు. అందరి చేతుల్లోనూ లైట్లుంటాయి. కొందరు ఏడ్చేస్తారు కూడా."

"ఏడుస్తారా?"

"ఏడుస్తారు. నేను ఫోన్లో చూసే ఏడ్చీసినాను."

జాన్‌బాబు గ్లాసు కింద పెట్టాడు. ఆయన ఎరిగినంతలో వేలమంది చేతులెత్తి పాడి ఏడ్చే చోటు లోకంలో ఒక్కటే. విజయనగరం పక్క పల్లెలో ఉన్నప్పుడు వాళ్ళ నాన్న వేసవి రాగానే పిల్లల్ని లారీ ఎక్కించి సువార్త మహాసభలకి తీసుకెళ్ళేవాడు. అక్కడా ఇంతే, చేతులు, పాటలు, కన్నీళ్ళు. పైగా కొరియా. ఆ దేశం నుంచి వచ్చిన బృందమే జగదల్‌పూర్ సభల్లో పాడి, పోతూ పోతూ తమ సంఘానికి కీబోర్డు ఇచ్చి పోయింది. కరుణశ్రీ ఫోన్లో బొమ్మ చూపించింది. ఐదుగురు ఆడపిల్లలు, పాదాల దాకా తెల్లటి గౌన్లు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో లాంతరు. కింద పేరు, వైట్ లాంతర్.

"మంచిది. ఎల్దాం," అన్నాడు.

కరుణశ్రీ ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది. సంతోషంతో మాట రాలేదు కాబోలనుకున్నాడు జాన్‌బాబు. రెండు టికెట్లు, వేదిక ముందు నిలబడి చూసేవి, ఆ పూటే తీసుకున్నారు. వాటిని స్టేషను బయట నెట్ దుకాణంలో అచ్చు తీయించి జేబులో పెట్టుకున్నాడు. అక్కడితో అయిపోవాల్సిన సంగతి.

కానీ శాంతిప్రియ గురువారం స్త్రీల సమాజం ప్రార్థనకి వెళ్ళింది. వెళ్ళినావిడ ప్రార్థన అంశాలేమైనా ఉన్నాయా అని అడిగితే ఊరుకోలేదు. ఆదివారానికి ఆ మాట రైల్వే కాలనీ గుడిలో ప్రసంగపీఠం ఎక్కింది.

"మన జాన్‌బాబు నోరు విప్పనోడు," అన్నారు సంఘ కాపరి పాల్ అయ్యగారు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "కానీ కూతుర్ని మహాసభలకి తీసుకెల్తన్నాడు. చేసేవాళ్ళు చెప్పరు, చెప్పేవాళ్ళు చెయ్యరు. లేమ్మా కరుణా. ఆ బృందం పేరేటి?"

కరుణశ్రీ లేచి నిలబడింది. "వైట్ లాంతర్ అయ్యగారూ."

"తెల్లటి దీపం. ఎంతమంది?"

"ఐదుగురు."

పాల్ అయ్యగారు కళ్ళజోడు తీశారు. పెళ్ళికొడుకు వచ్చేదాకా దీపాల్లో నూనె చూసుకుంటూ మెలకువగా ఉన్న ఐదుగురు బుద్ధిగల కన్యల ఉపమానం ఆ సంఘంలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. "ఐదుగురు," అన్నారాయన మెల్లగా. "ఆడపిల్లలు. చేతుల్లో దీపాలు. ఇంతకన్నా ఏటి చెప్పాల." చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. జాన్‌బాబుకి గర్వంగానే ఉంది. కూతురు కూర్చుంటూ తలమీద చున్నీ ముఖం మీదికి ఎందుకు లాక్కుందో ఆలోచించలేదు.

ఆరాధన అయ్యాక గుడి ముందు అయ్యగారి భార్య చిన్నమ్మి అమ్మగారు అందరినీ ఆపింది. అరవై దాటిన మనిషి. ఆ గుడిలో పాటకి శ్రుతి, పిల్లలకి మందలింపు, పెళ్ళిళ్ళకి సరే అనడం, మూడూ ఆవిడవే.

"మనమందరం ఎల్తే ఏటి?" అంది.

"టికెట్టుంటాది అమ్మగారూ," అంది కరుణశ్రీ. ఆ మాటతో ఆగిపోతారన్న ఆశ ఆ పిల్ల గొంతులో కొట్టొచ్చినట్టు కనబడింది.

"దేవుని పాటకి టికెట్టేటే?"

అందరూ ఆలోచనలో పడ్డారు. నిజమే, సందేహించాల్సిన విషయమే. అప్పుడు జాన్‌బాబు, అడగకుండా మాట్లాడటం అలవాటు లేనివాడు, నోరు విప్పాడు. "స్టేడియం అద్దె కట్టాల కదండీ."

"అదీ నిజమే," అంది చిన్నమ్మి అమ్మగారు. దారి కలిసింది, జెండా లేచింది, బండి కదిలింది. స్త్రీల సమాజం ఏటా రాజమండ్రి సభలకని దాచే సొమ్ము ఈసారి ఇటు తిరిగింది. పైవరసల్లో, ఎవరూ కొనని మూలన బోలెడు టికెట్లున్నాయి. వాటిని కరుణశ్రీ చేతే ఫోన్లో కొనిపించారు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు, అయ్యగారు, వీళ్ళిద్దరు. భేజ్జి నుంచి వచ్చి కంపెనీ ఆసుపత్రిలో ఆయాగా చేసే సోమక్క అందరికన్నా ముందు పేరిచ్చింది.

"నేను గూడ వస్త. కొరియా ఏందో, ఆ పిల్లలేందో, ఒక్కసారన్న చూడాలె కదా."

"అందరం తెల్లచీరలే," అంది చిన్నమ్మి అమ్మగారు.

బచేలీలో తెల్లచీర అంటే చిన్న మాట కాదు. కొండ మీది నుంచి దిగే ఎర్రదుమ్ము గోడకీ గేదెకీ తేడా చూడదు. అక్కడ తెల్లబట్ట ఈస్టరుకి తీసి, గుడి నుంచి రాగానే మడిచి, పాత చీరలో చుట్టి పెట్టె అడుగున పెడతారు. అలాంటి చీరలు పద్నాలుగు ఒకేసారి బయటికొచ్చాయంటే సంగతి ఎంత పెద్దదో చూసుకోవచ్చు.

బుధవారం సాయంత్రం గూడ్సుకీ గూడ్సుకీ మధ్య ఖాళీ చూసి అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు కూర్మారావు జాన్‌బాబుని లోపలికి పిలిచాడు. ఇద్దరూ ఒకే జిల్లా వాళ్ళు, ఒకే ఏడు వచ్చినవాళ్ళు.

"బావా, మీ సంఘమంతా వైజాగెల్తన్నారట కదా."

"ఆఁ."

"ఇదేనా సూడు. మావోడు సూపించినాడు," అని తన ఫోను ముందుకు చాపాడు.

జాన్‌బాబుది బొత్తాల ఫోను. ఆయన ఆ ఐదుగురినీ కదులుతుండగా చూడటం అదే మొదలు. చీకట్లోంచి పొగ వచ్చింది. పట్టా వెల్డింగు చేసేటప్పుడు లేచే నిప్పురవ్వల్లాంటి వెలుగు వచ్చింది. వెలుగులోంచి ఐదుగురు అమ్మాయిలు వచ్చారు. ఒకతె జుట్టు నీలం, ఒకతెది గులాబీ. గౌన్లు లేవు. ఉన్న బట్ట మంచి ఖరీదైనదే గాని, రైల్వేవాళ్ళిచ్చే జెండాగుడ్డ అంతకన్నా వెడల్పు ఉంటుంది. ఒక్క లీవరు లాగితే ఐదు సిగ్నళ్ళు కదిలినట్టు ఐదు నడుములూ ఒక్కసారే ఎడమకి తిరిగాయి, ఒక్కసారే కుడికి తిరిగాయి. వాళ్ళ ముందు వేలమంది చేతులెత్తి పాడుతున్నారు. చేతుల్లో లైట్లున్నాయి. ముందువరసలో ఒక పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది.

తన కూతురు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదని జాన్‌బాబుకి అప్పుడు అర్థమైంది.

"మీ గుడిలో ఇలగ కూడా ఉంటాదేటి బావా?" అన్నాడు కూర్మారావు, ముఖం చాలా సీరియస్‌గా పెట్టి.

"సౌండు తగ్గించు," అన్నాడు జాన్‌బాబు.

డ్యూటీ దిగి తిన్నగా అయ్యగారి ఇంటికి వెళ్ళాడు. చెప్పేద్దామనే వెళ్ళాడు. వరండాలో పాల్ అయ్యగారు ఆ ఐదుగురికీ కప్పడానికి ఐదు శాలువాలు మడతపెట్టుకుంటున్నారు. లోపల చిన్నమ్మి అమ్మగారు అద్దం ముందేదో పాట గొణుగుతోంది.

"అయ్యగారూ," అన్నాడు జాన్‌బాబు. "ఆ గుంటలు కొంచెం గెంతుతారట."

"సంతోషమొస్తే గెంతరేటి? మన సోమక్క గెంతదా?"

"బట్టలు కొంచెం పొట్టట."

అయ్యగారు ఏదో అనబోయారు గానీ లోపల్నుంచి అమ్మగారి గొంతు ముందొచ్చింది. "గుడ్డ కరువైన దేశమేమో నాయనా. ఐదు చీరలు తీసికెల్దాం. పరాయి దేశం పిల్లలు, సలికి ఒణుకుతారు."

చెప్పడానికి వెళ్ళినవాడు చెప్పలేక ఐదు చీరల బరువు పెంచి ఇంటికొచ్చాడు. ఇంట్లో కరుణశ్రీ తన తల్లి తెల్లచీరకి ఇస్త్రీ చేస్తోంది. ఆయన చెప్పులు విడవడం చూసి పెట్టె పక్కన పెట్టింది. నాలుగు రోజులుగా ఆ పిల్ల అన్నం సరిగా తినడం లేదని జాన్‌బాబు గమనిస్తూనే ఉన్నాడు. కారణం ఇప్పుడు తెలిసింది.

"నాన్నా, నేనొకటి చెప్పాల."

జాన్‌బాబు కుర్చీలో కూర్చున్నాడు. "ఆ గుంటలు మళ్ళీ ఎప్పుడన్నా వస్తారా?"

"రారు. ఇదే ఆఖరి టూర్. ఇది అయిపోతే ఎవరి దారి ఆళ్ళదే."

ఇప్పుడా పిల్ల చెబితే తను విన్నట్టవుతుంది. విన్నాక అయ్యగారికి చెప్పక తప్పదు. అయ్యగారికి చెబితే ప్రయాణం ఆగుతుంది. ఏళ్ళ తరబడి ఏదీ అడగని పిల్ల అడిగింది ఇదొక్కటే, అదీ మళ్ళీ దొరకనిది.

"అయితే చెప్పకు," అన్నాడు.

కరుణశ్రీ తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన చూడలేదు. ఆమె మళ్ళీ పెట్టె అందుకుంది. మడత ఈసారి తిన్నగా వచ్చింది.

ఇక జాన్‌బాబుకి మిగిలిన ఆశ రైల్వే ఒక్కటే. జరిగేది ఎలాగూ ఆగదు, కనీసం బండి దారిలో ఆగిపోతే కూతుర్ని తీసుకుని బస్సులో ముందెళ్ళిపోవచ్చు, మిగతావాళ్ళు వెనకబడతారు అనుకున్నాడు. ఆ లైనులో కొండచరియ జారి పడితే బండ్లు రోజుల తరబడి నిలిచిపోతాయి. సొరంగం ముందు ఏనుగంత బండ కూర్చుంటుంది. ఇంజను ఆగితే వేరే ఇంజను కొత్తవలస నుంచి రావాలి. ఆ శుక్రవారం మాత్రం పాసింజరు కూత కూయాల్సిన చోట కూసి, ఆగాల్సిన చోట ఆగి, ఏ ఒక్క గూడ్సుకీ దారి ఇవ్వకుండా పెళ్ళికొడుకు కారులా పోయింది. అరకు దగ్గర సోమక్క కిటికీలోంచి చూసి, "నీ రైలు మంచిగున్నదయ్యా, ఊరికే తిడతరు గని," అంది. జాన్‌బాబు తల ఊపాడు. దారి పొడుగునా ఆడవాళ్ళు పాడుతూనే ఉన్నారు. ఒక్కో పాట అయ్యాక ఎవరో ఒకరు ఆ ఐదుగురు బిడ్డల క్షేమం కోసం ప్రార్థన చేశారు. ప్రార్థనలు కొంచెం పొడుగ్గానే ఉన్నాయి, ప్రతివాళ్ళూ ఏదో మనసులో పెట్టుకుని చేస్తున్నట్టు.

శనివారం సాయంత్రం స్టేడియం గేటు దగ్గర మరో చిక్కు. బయటి తిండి లోపలికి రానివ్వరట. సంచులూ రానివ్వరట.

"పులిహోర తిండి కాదు బాబూ, ప్రసాదం లాంటిది అనుకో," అంది శాంతిప్రియ, గుడిలో వాడని మాట గేటు దగ్గర వాడేసి. కాపలావాడు ఒప్పుకోలేదు. పద్నాలుగు తెల్లచీరలూ మెట్ల మీద బారుగా కూర్చుని డబ్బాలు విప్పాయి. ఎంత తిన్నా తరగలేదు. చుట్టూ బారులు తీరి నిలబడ్డ పిల్లల జుట్టు రంగురంగులుగా ఉంది గాని ఆకలి మామూలు ఆకలే. మధ్యాహ్నం నుంచి నిలబడ్డారట. అందరి చేతుల్లో పులిహోర పడింది.

విచిత్రమేమంటే ఆ పిల్లలు కూడా అందరూ తెల్లబట్టల్లోనే ఉన్నారు. ఆఖరి టూర్‌కి అందరూ తెలుపే కట్టుకు రావాలని ఆ ఐదుగురు కబురు పెట్టారట. గులాబీ జుట్టు పిల్ల ఒకతె శాంతిప్రియ పక్కన కూర్చుని ఫోను ఎత్తి ఫొటో తీసుకుంది.

"సూపర్ ఆంటీ, మొత్తం టీమ్ వైట్ శారీసా? మీది ఏ ఊరి ఫ్యాన్ క్లబ్?"

"బచేలీ స్త్రీల సమాజం," అంది శాంతిప్రియ వినయంగా.

"ఐదు చీరలు లోపలికి రానివ్వరంట అమ్మగారూ," అన్నాడు జాన్‌బాబు.

చిన్నమ్మి అమ్మగారు బారు పొడుగునా ఒకసారి చూసింది. మోకాళ్ళు కనబడే ఐదుగురు ఆడపిల్లల్ని ఎంచి, ఒక్కొక్కరి భుజాల చుట్టూ ఒక్కో చీర కప్పింది. "ఆళ్ళు కాకపోతే ఈళ్ళు. ఇచ్చే చెయ్యి ఆగకూడదు." ఆ పిల్లలు కాదనలేదు సరికదా, చీరలు రెక్కల్లా చాపి ఫొటోలకి నిలబడ్డారు. శాలువాలు అయ్యగారు తనే కప్పుకున్నారు, ఐదూ.

కింది టికెట్లు ఇద్దరివీ జాన్‌బాబు జేబులోనే ఉన్నాయి. "ఆడపిల్లని ఆ తోపులాటలో నిలబెడతారేటి? అందరం ఒక్కచోటే," అంది చిన్నమ్మి అమ్మగారు. కరుణశ్రీ తల ఊపింది. అందరితో పాటు పైకెక్కింది. ఎంత పైకెక్కారంటే వేదిక అగ్గిపెట్టెంత కనబడింది.

దీపాలారిపోయాయి. మొదటి డప్పు దెబ్బకి కూర్చున్న బల్ల అదిరింది. జాన్‌బాబు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇనుపరాయి బండి నూట పది పెట్టెలతో పక్కనుంచి పోతున్నా కళ్ళార్పని మనిషి. ఇక లేస్తారు, అనుకున్నాడు. చీరలు దులుపుకుని లేచి, తన ముఖం కేసి ఒకసారి చూసి, బారుగా మెట్లు దిగిపోతారు. పై ఆదివారం గుడిలో తన పక్క చాప ఖాళీగా ఉంటుంది. కూతురు తల ఎత్తుకోలేదు.

ఎవరూ లేచిన చప్పుడు కాలేదు. ఒక కన్ను తెరిచాడు. నిజానికి అందరూ లేచే ఉన్నారు. సోమక్క భేజ్జి పండగల్లో వేసే అడుగులే వేస్తోంది, కొరియా దరువుకి అవి అతికినట్టు సరిపోయాయి. శాంతిప్రియ చేతులెత్తి ఉంది. ముందువరసలో చిన్నమ్మి అమ్మగారు ముందుకి వంగి, పక్కావిడకి వేలు పెట్టి చూపిస్తోంది.

"ఆ నీలం జుట్టు గుంట లేదూ, దానిది ఇలగ సన్నటి గొంతు. నాలుగో పాటలో ముందుకొస్తాది, సూడు."

జాన్‌బాబు రెండో కన్ను కూడా తెరిచాడు. "అమ్మగారూ. మీకు తెలుసునా?"

"బుధవారం నుంచే తెలుసు. నా మనవరాలు ఫోన్లో సూపించింది."

"మరి చెప్పలేదేటండీ?"

"నువ్వు పెద్ద మనసుతో పిల్లని తీసికెల్తంటే నానెందుకు చెప్పాల? అయ్యగారికి తెలిస్తే ఆపీస్తారని మేమందరం నోరు మూసుకున్నాం."

"అందరంటే?"

వెనకవరస నుంచి శాంతిప్రియ భర్త భుజం తట్టింది. ఆవిడకి తెలిసింది సోమవారమట. మీరు బాధపడతారని చెప్పలేదంది. సోమక్కకి మొదటి ఆదివారమే తెలుసునట. ఆసుపత్రిలో నర్సులందరూ ఈ పాటలే పెడతారట. "నేను చెప్తె మీరందరు ఆగిపోతరు. నేనొక్కదాన్ని ఎట్ల వస్త?" అంది.

బారు చివర ఐదు శాలువాల మధ్య పాల్ అయ్యగారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. జాన్‌బాబు వంగుతూ ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యగారూ, క్షమించాల."

పాల్ అయ్యగారు చెవి దగ్గరికి తల వంచారు. "గట్టిగా అనకు జాన్‌బాబూ. ఆడోళ్ళకి ఇంకా తెలిసినట్టు లేదు. తెలిస్తే మనసు పాడైపోద్ది. అలగే పాడుకోనీ."

గుండె మీది బండ దిగిపోయాక జాన్‌బాబుకి చుట్టూ చూసే తీరిక దొరికింది. అప్పుడు తట్టింది, కరుణశ్రీ కనబడటం లేదని. కాసేపటికి మెట్ల కింద నుంచి ఎక్కి వచ్చింది, చెయ్యి పట్టుకుని ఒక ముసలావిణ్ణి నడిపించుకుంటూ. ఆవిణ్ణి కూర్చోబెట్టిందో లేదో ఇంకొకావిడ చిటికెన వేలు చూపించింది. ఆవిడతో దిగింది. వచ్చింది. ఎవరిదో కళ్ళజోడు పడిపోతే బల్లల కింద వెతికింది. ఎవరికో మంచినీళ్ళు కావాలి. "కరుణా, ఆ ఎర్రలిప్‌స్టిక్ గుంట పేరేటే?" అని ఒకరు, "కరుణా, ఇప్పుడు ఏటంటంది?" అని ఒకరు. ఆ పిల్ల చెబుతూనే ఉంది, దించుతూనే ఉంది, ఎక్కిస్తూనే ఉంది. ఆమె వీపు వేదిక వైపే ఉంది. అంతమందిలో ఆ ఐదుగురినీ చూడనిది వాళ్ళ కోసం వచ్చిన ఆ ఒక్క పిల్లే.

వేదిక మీది అమ్మాయి ఏదో చెప్పింది. స్టేడియమంతా ఒక్కసారి మూలిగినట్టు చప్పుడు చేసింది.

"ఏటంది?" అన్నాడు జాన్‌బాబు.

"ఇంక మూడు పాటలేనంట," అంది కరుణశ్రీ, మంచినీళ్ళ సీసా మూత పెడుతూ. నవ్వడానికే చూసింది.

జాన్‌బాబు జేబులోంచి రెండు టికెట్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు కిందకెల్లు."

"ఈళ్ళని ఎవరు చూస్తారు నాన్నా?"

"నానెందుకున్నాను? ఒకళ్ళనెక్కించీ ఒకళ్ళని దించీ పని నాకు కొత్తేటి? ఎల్లు. బేగి ఎల్లు."

"ఒక్కదాన్నేటి పంపుతావు?" అంటూ లేచింది చిన్నమ్మి అమ్మగారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. ఎప్పుడూ మోకాళ్ళ నెప్పులని గుడి మెట్లు కూర్చుని ఎక్కే ఆవిడ ఆ మెట్లు ఎలా దిగిందో ఎవరూ చూడలేదు. చూసేలోపల రెండో టికెట్టూ ఆవిడా అక్కడ లేరు.

ఆ తర్వాత మూడు పాటలూ జాన్‌బాబు మెట్ల మీదే ఉన్నాడు. సోమక్క ఒకసారి, శాంతిప్రియ రెండుసార్లు, పేరు గుర్తులేని ఆవిడ ఒకరు తోవలో తప్పిపోయి ఇంకోసారి. ఆఖరి పాట మొదలైనప్పుడు చూపు సరిగా ఆనని ఆ ముసలావిణ్ణి నడిపించుకుంటూ పైకెక్కుతున్నాడు. అప్పుడే వేదిక వెనక పెద్ద తెర మీద జనం ముఖాలు చూపించడం మొదలుపెట్టారు. నాలుగైదు ముఖాల తర్వాత తెర నిండా తెల్లచీర వచ్చింది. చిన్నమ్మి అమ్మగారు ఇనుప కంచె పట్టుకుని, పై పన్ను లేని చోటు కనబడేంతగా నోరు తెరిచి పాడుతోంది. ఏ భాషలో పాడుతోందో దేవుడికి తెలుసు. ఆవిడ పక్కన కరుణశ్రీ. ఇంటి గోడంత ముఖం. ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియడం లేదు.

ఆ పిల్ల పుట్టినప్పుడు జాన్‌బాబు డ్యూటీలో ఉన్నాడు. మొదటి అడుగు వేసినప్పుడూ డ్యూటీలోనే. కూతురి ముఖం అంత దగ్గరగా, అంతసేపు ఆయన ఎన్నడూ చూడలేదు. చేతిలో ముసలావిడ ఉన్న సంగతి మరిచిపోయి మెట్టు మీదే నిలబడిపోయాడు.

"ఎవుళ్ళు నాయనా ఆ పిల్ల?" అంది ముసలావిడ, కళ్ళజోడు సర్దుకుంటూ.

"మా గుంటేనమ్మా," అన్నాడు.

తిరుగు బండిలో కరుణశ్రీకి గొంతు పోయింది. ఎస్.కోట దాటాక తండ్రి భుజం మీద తల వాల్చి, కప్పలాంటి గొంతుతో, "నువ్వు ఏటీ చూడలేదు కదా నాన్నా," అంది.

"చూశాను," అన్నాడు జాన్‌బాబు. ఆ పూటకి ఆయన మాటలు అయిపోయాయి.

మరుసటి ఆదివారం గుడిలో పాల్ అయ్యగారు ప్రయాణం క్షేమంగా జరిగినందుకు స్తుతులు చెప్పారు. ఏం చూశామన్నది ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆయన ఆడవాళ్ళని కాపాడుకున్నారు, ఆడవాళ్ళు ఆయన్ని కాపాడుకున్నారు. చివర్లో చిన్నమ్మి అమ్మగారు లేచి, సంఘం తరఫున మనమూ ఒక ఐదుగురు స్త్రీల పాటల బృందం పెట్టుకుందాం అంది. అందరూ చేతులెత్తారు.

ఆ ఐదుగురూ ఎవరన్నది తేలక, ప్రస్తుతానికి పద్నాలుగు మందీ సాధన చేస్తున్నారు.